రొయ్యల చెరువుకు ‘జ్ఞాపకమున్న నీరు’ ఇచ్చే గొట్టం: ఒక పంటకాలం వాడిన తరువాత

భీమవరం, ఆకివీడు, గణపవరం వైపు రొయ్యల మేత, మందులు అమ్మే దుకాణాల్లో కొంతకాలంగా ఒక స్టీలు గొట్టం కనిపిస్తోంది. మూరెడు పొడవు, రెండు చివరలా ఫ్లాంజీలు, లోపల అయస్కాంతాలు, వాటి నడుమ ‘సంకేతం నింపిన’ గాజుపూసల గుళిక: ఇంతే దాని నిర్మాణం. బోరు మోటారు నుంచి చెరువుకు వెళ్ళే పైపులో దీన్ని బిగిస్తే, దాని గుండా పారిన నీరు ఆ సంకేతాన్ని జ్ఞాపకం పెట్టుకుంటుందని, చెరువులోని మిగతా నీటికీ ఆ జ్ఞాపకాన్ని అందిస్తుందని, దానివల్ల ఆల్కలినిటీ (ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం) పెరిగి, అమ్మోనియా తగ్గి, రోగం తెచ్చే విబ్రియో బ్యాక్టీరియా అదుపులో ఉండి, రొయ్య త్వరగా కౌంటుకు (కిలోకు ఇన్ని అని లెక్కించే అమ్మకపు సైజుకు) వస్తుందని అమ్మకందారులు చెబుతారు. మా వనామీ రకం రొయ్యల చెరువుల్లో ఒకదానికి దీన్ని పెట్టించి ఒక పంటకాలం గమనించాను. సంస్థ పేరు ఇక్కడ రాయడం లేదు. దాదాపు ఇదే సరుకు వేరు వేరు పేర్లతో, వేరు వేరు రంగుల పెట్టెల్లో దొరుకుతున్నప్పుడు ఒక పేరు చెప్పి మిగతావాటిని వదిలివేయడం న్యాయం కాదనిపించింది.

సరుకుగా చూస్తే దీనిలో వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఉప్పుబోర్లున్న మా ప్రాంతంలో నాసిరకం ఇనుము ఒక్క పంటకు కూడా ఆగదు. ఈ గొట్టం మాత్రం తుప్పు పట్టలేదు, వెల్డింగు శుభ్రంగా ఉంది, జాయింట్ల దగ్గర చుక్క కారలేదు. బిగించడానికి చెప్పిన రోజున చెప్పిన వేళకు మనిషి వచ్చాడు. ఫోను చేస్తే తీస్తారు, మర్యాదగా మాట్లాడతారు. ఖరీదు పది పన్నెండు మేత బస్తాల వెల. ఒక్క రాత్రి కరెంటు పోయి, జనరేటరు కూడా మొరాయించి, నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే జరిగే నష్టంతో పోల్చుకుంటే ఇది లెక్కలోకి వచ్చే సొమ్ము కాదు. అందుకే కొనేటప్పుడు ఎవరూ ఎక్కువగా ఆలోచించడం లేదు. తగిలితే మంచిదే, పోతే పది బస్తాలు పోయాయనుకుంటారు. నేనూ దాదాపు ఆ లెక్కనే కొన్నాను.

నన్ను ఆలోచింపజేసినది పెట్టెతోపాటు ఇచ్చిన రంగుల పుస్తకం. అచ్చుతప్పులు లేని మంచి తెలుగులో ఉన్న ఆ పుస్తకం, నీటికి జ్ఞాపకం ఉందని 1988లో ఒక ఫ్రెంచి శాస్త్రవేత్త నిరూపించాడని, ప్రపంచంలోనే పేరున్న ‘నేచర్’ పత్రిక దాన్ని ప్రచురించిందని చెబుతుంది. చెప్పినంతవరకు అందులో కొంత నిజం ఉంది. ఆ శాస్త్రవేత్త జాక్ బెన్వెనిస్త్. పారిస్ దగ్గరి క్లామార్‌లో, ఫ్రాన్సు ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఇన్సెర్మ్‌కు చెందిన 200వ యూనిట్‌కు అధిపతి. అనామకుడేమీ కాడు, రక్తఫలకికలను ఉత్తేజపరచే ఒక పదార్థాన్ని 1970లలో గుర్తించినవారిలో ముఖ్యుడు. అలర్జీకి సంబంధించిన ఒక ప్రతిరక్షక ద్రవాన్ని, అసలు అణువు ఒక్కటి కూడా మిగిలే అవకాశం లేనంతగా పలుచన చేసిన తరువాత కూడా అది రక్తంలోని బేసోఫిల్ అనే తెల్లకణాల మీద పనిచేస్తోందని 1988 జూన్ 30 నాటి నేచర్ సంచికలో ఆయన బృందం రాసింది. వ్యాసకర్తలు పదముగ్గురు, ఫ్రాన్సుతోపాటు ఇజ్రాయెల్, ఇటలీ, కెనడా ప్రయోగశాలలవారు కూడా అందులో ఉన్నారు.

పుస్తకం అక్కడితో ఆగిపోతుంది. ఆ వ్యాసాన్ని పత్రిక ఒక షరతు మీద ప్రచురించిందని, ఆ షరతు ప్రకారం తరువాతి నెలలోనే క్లామార్‌లో ఒక పరీక్ష జరిగిందని అందులో ఒక్క వాక్యం కూడా లేదు. ఆ పరీక్ష దగ్గరకు వచ్చే ముందు మా చెరువుగట్టు మీద జరిగిన ప్రదర్శన గురించి చెప్పడం అవసరం, ఎందుకంటే రెండింటిలోనూ ఆయువుపట్టు ఒక్కచోటే ఉంది.

ప్రతినిధి తెల్లవారుజామున ఆరు గంటలకు వచ్చి చెరువు నీటిలో మీటరు ముంచి ఆక్సిజన్, పీహెచ్ చూసి రాసుకున్నారు. గొట్టం బిగించి, మోటారు వేయించి, మధ్యాహ్నం మూడు గంటలకు మళ్ళీ అదే మీటరు ముంచారు. ఆక్సిజన్ బాగా పెరిగింది, పీహెచ్ కూడా పైకి వచ్చింది. చెరువు చేసే ఎవరికైనా ఇందులో వింత కనిపించదు. రాత్రంతా రొయ్యలు, ప్లాంక్టన్, అడుగు బురదలోని సూక్ష్మజీవులు ఆక్సిజన్‌ను తీసుకుంటాయి కాబట్టి సూర్యోదయానికి ముందు అది బాగా అడుగంటుతుంది. ఎండ ఎక్కిన కొద్దీ నీటిలోని నాచు కిరణజన్య సంయోగక్రియతో ఆక్సిజన్‌ను వదులుతూ కార్బన్ డయాక్సైడును పీల్చుకుంటుంది కాబట్టి పీహెచ్ కూడా పెరుగుతుంది. గొట్టం లేని పక్క చెరువులో కూడా అదే మీటరు ముంచమని అడిగితే అక్కడా అంతే పెరుగుదల వచ్చింది. “గాలిలోంచి ఆ చెరువుకు కూడా సంకేతం అంది ఉంటుందండి” అన్నారు ప్రతినిధి. ఈ జవాబును నేను ఆయన మీద తప్పుగా చెప్పడం లేదు. ఆయన ముఖంలో ఎగతాళి గాని, అబద్ధం చెబుతున్న తడబాటు గాని లేవు.

అసలు ఆసక్తికరమైనది ఆల్కలినిటీ పరీక్ష. కిట్టులోని చిన్న సీసాలో నీరు తీసుకుని, సూచిక ద్రవం వేసి, తరువాత ఆమ్లం చుక్కలు ఒక్కొక్కటిగా కలుపుతూ రంగు నీలిపచ్చ నుంచి గులాబీకి మారేవరకు లెక్కపెడతారు. ఎన్ని చుక్కలు పడితే ఆల్కలినిటీ అంత ఎక్కువ. రంగు మాత్రం ఒక్కసారిగా మారదు. మధ్యలో బూడిదరంగులాంటి దశ ఒకటి వస్తుంది. ‘మారింది’ అనడానికీ ‘ఇంకా మారాలి’ అనడానికీ మధ్య రెండు మూడు చుక్కల చోటు ఉంది, ఆ చోటులో ఎక్కడ ఆపాలో నిర్ణయించేది లెక్కపెట్టే మనిషి కన్ను. ప్రతినిధి వెంట వచ్చిన కుర్రాడు గొట్టానికి ముందరి కుళాయి నుంచి పట్టిన నీటికి తొలి గులాబీ జాడ కనిపించగానే ఆపాడు. గొట్టం దాటిన నీటికి ‘ఇంకొంచెం రావాలండి’ అంటూ మరో చుక్క, ఆపై మరో చుక్క వేశాడు. ఎన్నిసార్లు చేసినా గొట్టం నీటిదే పైచేయి. పైగా ఒకే నీటిని మళ్ళీ పరీక్షించినప్పుడు ప్రతిసారీ చుక్క తేడా లేకుండా అదే సంఖ్య వచ్చింది. ముందు వచ్చిన సంఖ్య అతని మనసులో ఉంది కాబట్టి చెయ్యి అక్కడే ఆగుతోంది. ఆ కుర్రాడు మోసగాడని నేను అనడం లేదు. తెలిసి చేసి ఉంటే అంత నిదానంగా, అంత శ్రద్ధగా, సీసాను వెలుతురుకు పట్టి చూసి చూసి వేసేవాడు కాదు.

క్లామార్‌లో కొలత కూడా ఇలాంటిదే. బేసోఫిల్ కణాలకు టొలుయిడిన్ నీలం అనే రంగు అద్దుతారు. ప్రతిరక్షకానికి స్పందించి తమలోని రేణువులను వదిలేసిన కణం ఆ రంగును పట్టుకోదు. సూక్ష్మదర్శిని కింద రంగు పట్టిన కణాలను కంటితో లెక్కపెట్టి, ఎన్ని తగ్గాయో చూసి, ద్రవం పనిచేసిందో లేదో తేలుస్తారు. సగం రంగు పట్టిన కణాన్ని ఎటు వేయాలన్నది లెక్కపెట్టే మనిషి ఇష్టం. ఆ పరీక్షకు నేచర్ తరఫున వెళ్ళిన బృందం పట్టుకున్న లోపాల్లో నాకు అన్నిటికన్నా నచ్చినది ఇక్కడే ఉంది: ఒకే నమూనాను రెండుసార్లు లెక్కపెట్టినప్పుడు ఆ రెండు లెక్కలు ఉండవలసినదానికన్నా ఎక్కువ దగ్గరగా ఉన్నాయి. చెల్లాచెదురుగా ఉండే కణాలను నమూనాగా తీసి లెక్కపెట్టినప్పుడు సగటు 80 ఉంటే, ఏ తప్పూ చేయకపోయినా, తొమ్మిది అటూ ఇటూ తేడా రావడం గణితం ప్రకారం మామూలు. ఆ తేడా కూడా లేకపోతే లెక్కలో ఇంకేదో కలుస్తున్నట్టే. మా గట్టు మీద చుక్క తేడా లేని ఆ సంఖ్యలను చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చినది ఈ వివరమే.

ఇక పరీక్ష. 1988 జూలైలో నేచర్ సంపాదకుడు జాన్ మాడాక్స్, అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థలకు చెందిన వాల్టర్ స్టూవర్ట్, ఇంద్రజాలికుడు జేమ్స్ రాండీ కలిసి క్లామార్ వెళ్ళి కొన్ని రోజులు అక్కడే ఉన్నారు. మొదట ప్రయోగశాల తన అలవాటు పద్ధతిలో చేసిన ప్రయోగాల్లో ప్రభావం కనిపించింది. తరువాత ఏ నాళికలో ఏ ద్రవం ఉందో లెక్కపెట్టేవారికి తెలియకుండా సంకేతసంఖ్యలు వేశారు. ఆ సంఖ్యల జాబితాను కవరులో పెట్టి, అల్యూమినియం రేకుతో చుట్టి, అందరికీ కనిపించేటట్లు ప్రయోగశాల పైకప్పుకు అంటించారు. అలా చేసిన మూడు ప్రయోగాల్లో, పలుచన చేసిన ద్రవానికీ వట్టి నీటికీ తేడా లేకుండా పోయింది. జూలై 28 సంచికలో ఆ నివేదిక వచ్చింది. వ్యాసకర్తల్లో ఇద్దరి జీతాలు బోయిరాన్ అనే హోమియో మందుల సంస్థతో ఉన్న ఒప్పందం కింద వస్తున్నాయని కూడా అందులో ఉంది. డబ్బు సంగతి చెప్పుకోదగినదే, అయితే సంఖ్యలు మారడానికి కారణం డబ్బు కాదు. జీతం ఎవరిచ్చినా, కళ్ళకు గంతలు కట్టిన తరువాత ప్రభావం మాయమైంది.

మేము కూడా అదే చేశాం, మా స్థాయిలో. రసాయనశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారు ఒకరు మా ఊళ్ళో ఉన్నారు. “సీసాలన్నీ ఒకే రకంవి కావాలి నాయనా, మూతలు కూడా” అని ఆయన ముందే చెప్పారు. గొట్టానికి ముందు, గొట్టానికి తరువాత ఉన్న కుళాయిల నుంచి, ఒకే మోటారు నడుస్తుండగా, నిమిషాల తేడాలో నీరు పట్టించారు. సీసాల మీద వేసిన సంఖ్యల జాబితాను చీటీ మీద రాసి జేబులో పెట్టుకున్నారు. లెక్కపెట్టే చోట మాత్రం ఆయన నిలబడలేదు. జవాబు తెలిసిన మనిషి పక్కనే ఉండకూడదని చెప్పి కాపలాదారు పాక దగ్గరకు వెళ్ళి కూర్చున్నారు. అదే కుర్రాడు, అదే కిట్టు, అదే శ్రద్ధ. “ఆయ్, దీనికేముందండి, చేసేద్దాం” అని ప్రతినిధి సంతోషంగానే ఒప్పుకున్నారు. ఆ మెచ్చుకోలు ఆయనకు దక్కాలి. చీటీ చదివితే ఎక్కువ చుక్కలు పడిన సీసాల్లోనూ, తక్కువ పడిన సీసాల్లోనూ రెండు రకాల నీళ్ళు కలగాపులగంగా ఉన్నాయి. అంతకుముందు చుక్క తేడా లేకుండా వచ్చిన సంఖ్యలు ఇప్పుడు ఒకే నీటికి అటూ ఇటూ ఊగాయి.

మాస్టారు పాక దగ్గరకు ఎందుకు వెళ్ళారో అక్కడున్న కొందరికి అర్థం కాలేదు, ఆయన సీసాలు ముట్టుకోవడం లేదు కదా అని. దీనికి జవాబు బెర్లిన్‌లో నూరేళ్ళ కిందటి ఒక గుర్రం దగ్గర ఉంది. విల్హెల్మ్ ఫాన్ ఓస్టెన్ అనే ఉపాధ్యాయుడి గుర్రం హాన్స్ కూడికలు, భిన్నాలు అడిగితే కాలిగిట్టతో నేల మీద తట్టి జవాబు చెప్పేది. ఆస్కర్ ఫుంగ్‌స్ట్ 1907లో ప్రకటించిన పరిశీలన ప్రకారం, అడిగినవారికే జవాబు తెలియనప్పుడు గాని, వారు గుర్రానికి కనిపించనప్పుడు గాని హాన్స్ లెక్క తప్పేది. సరైన సంఖ్య రాగానే అడిగినవారి తలలో, భంగిమలో తెలియకుండా వచ్చే అతి చిన్న కదలికను చూసి అది ఆపేస్తోంది. సంగతి కనిపెట్టిన తరువాత ఫుంగ్‌స్ట్ స్వయంగా ఆ కదలిక రాకుండా ఆపుకోవాలని చూసినా ఆపుకోలేకపోయాడు. 1963లో రాబర్ట్ రోజెంతాల్, కర్మిట్ ఫోడ్ కలిసి చేసిన ప్రయోగంలో మామూలు ఎలుకలనే కొందరు విద్యార్థులకు తెలివైన జాతివని, మరికొందరికి మందమైన జాతివని చెప్పి ఇస్తే, తెలివైనవని నమ్మినవారి ఎలుకలే చిక్కుదారిని బాగా నేర్చుకున్నట్టు తేలింది. పరిశోధకుడి ప్రభావం అనేది దొంగలెక్కకు మర్యాదపేరు కాదని ఈ రెండూ చెబుతున్నాయి. నిజాయితీ ఉన్నా అది పనిచేస్తుంది. నమ్మకం గట్టిగా ఉన్నచోట ఇంకా బాగా పనిచేస్తుంది. మా వైపు సంక్రాంతి బరుల్లో పందెం కాసినవాడిని తీర్పరిగా కూర్చోబెట్టరు, అతను ఎంత పెద్దమనిషి అయినా సరే.

ఫలితం చూసిన తరువాత ప్రతినిధి చెప్పినది ఇది: “చుట్టూ అనుమానంతో చూసేవాళ్ళుంటే సంకేతం దెబ్బతింటుందండి. నమ్మకంతో చేసినచోటల్లా వస్తోందండి.” బెన్వెనిస్త్ కూడా తన వద్దకు వచ్చినవారి తీరు మీద తీవ్రంగా మండిపడ్డాడు, ఒకప్పుడు అమెరికాలోని సేలంలో మంత్రగత్తెలంటూ సాగించిన వేటతోనూ, కమ్యూనిస్టులన్న అనుమానంతో అక్కడే మెకార్తీ కాలంలో సాగిన విచారణలతోనూ దాన్ని పోల్చాడు. ఆయన ఫిర్యాదులో కొంత న్యాయం ఉందని నేను అనుకుంటాను. వచ్చిన ముగ్గురిలో రోగనిరోధక శాస్త్రం తెలిసినవాడు ఒక్కడూ లేడు. ఒక ప్రయోగశాలను పరిశీలించడానికి ఇంద్రజాలికుడిని వెంటబెట్టుకు వెళ్ళడం ఎవరికైనా అవమానంగానే ఉంటుంది. అయితే అవమానం జరిగిందన్న మాట, పైకప్పుకు అంటించిన జాబితాలోని సంఖ్యలకు జవాబు కాదు. 1993లో వేరే బృందం అదే ప్రయోగాన్ని జాగ్రత్తగా మళ్ళీ చేసి, అంత పలుచని ద్రవం కణాల మీద పనిచేయడం లేదని అదే పత్రికలో ప్రకటించింది.

నీటి అణువుల మధ్య బంధాల సంగతి కూడా పుస్తకంలో గొప్పగా రాశారు కాబట్టి క్లుప్తంగా చెబుతాను. నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయన్నది నిజం. ఆ పట్టు సెకనులో లక్ష కోట్లవ వంతు చొప్పున నిలిచి, విడిపోయి, వేరే అణువుతో మళ్ళీ కలుస్తూ ఉంటుంది. మోటారు దగ్గర ఏర్పడిన అమరిక ఏదైనా చెరువు దాకా చేరాలంటే, అది ఆ దారిలో ఊహకందనన్నిసార్లు చెరిగిపోయి ఉండాలి. హోమియోలో ఒకటికి వంద చొప్పున పన్నెండుసార్లు పలుచన చేస్తే 10^24 వంతు అవుతుంది. ఒక మోల్ పదార్థంలో ఉండే అణువుల సంఖ్య 6.022 × 10^23 కాబట్టి, ఆ గీత దాటాక సీసాలో మందు అణువు ఉందని చెప్పడం కష్టం. రాజమహేంద్రవరంలో అల్లు రామలింగయ్య పేరున ప్రభుత్వ హోమియో కళాశాల ఉన్న ప్రాంతం మాది. ఇక్కడ చాలా ఇళ్ళలో ఆ తియ్యని గుళికల మీద అభిమానం ఉందని నాకు తెలుసు. ఈ సమీక్ష ఆ వైద్యం గురించి కాదు. గొట్టం అమ్మేవారు ఆ అభిమానాన్ని అడ్డం పెట్టుకుని, “హోమియో పనిచేస్తున్నప్పుడు ఇది ఎందుకు పనిచేయదు” అని అడుగుతున్నారు కాబట్టి ఇంతవరకు చెప్పవలసి వచ్చింది.

పంట ఎలా వచ్చిందని అడుగుతారు. మా మిగతా చెరువులకన్నా చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒక్క చెరువు, ఒక్క పంట ఏ వైపుకూ సాక్ష్యం కాదు. సీడు (రొయ్యపిల్లలు), వేసిన సాంద్రత, అడుగు నేల, వానలు అన్నీ మారుతూ ఉంటాయి. గొట్టం పెట్టాక కౌంటు బాగా వచ్చిందని చెప్పే రైతుల మాటనూ నేను ఇదే కారణంతో పక్కన పెడతాను.

నష్టం గొట్టం ఖరీదుతో ఆగిపోతే ఇంత రాయనక్కరలేదు. ఆల్కలినిటీ రీడింగు చూసే మేము దాన్ని పెంచే డోలమైటు, సోడా ఎంత చల్లాలో నిర్ణయించుకుంటాం. వనామీ పెంకు విడిచి కొత్త పెంకు గట్టిపరచుకునే సమయంలో ఆల్కలినిటీ, ఖనిజాలు తక్కువగా ఉంటే మెత్తపెంకు రొయ్యలు మిగులుతాయి, వాటికి కొనుగోలుదారు ధర కోస్తాడు. లేని ఆల్కలినిటీని ఉన్నట్టు చూపించిన రెండు మూడు చుక్కలను నమ్మి డోలమైటు తగ్గించుకున్నవారు మా చుట్టుపక్కల ఉన్నారు. గొట్టం పెట్టించుకున్నా మానుకున్నా, నీటి పరీక్షను మాత్రం దానితో సంబంధం లేని ల్యాబ్‌లో, సీసా మీద చెరువు పేరు రాయకుండా సంఖ్య మాత్రమే వేసి చేయించుకోవాలని నా సలహా. ల్యాబువారు మందులు కూడా అమ్మేవారైతే ఆ జాగ్రత్త ఇంకా ఎక్కువగా కావాలి.

చివరగా వాపసు షరతు. మూడు నెలల్లో ఫలితం కనిపించకపోతే సొమ్ము తిరిగి ఇస్తామని రసీదు వెనక ఉంది. దాని కిందనే చిన్న అక్షరాల్లో, ఫలితం ఉన్నదీ లేనిదీ తమ ప్రతినిధి స్వయంగా తీసిన రీడింగు ప్రకారమే నిర్ణయిస్తామని ఉంది. బెన్వెనిస్త్ 1990లలో మరో అడుగు ముందుకు వేసి, నీటిలోని సంకేతాన్ని రికార్డు చేసి కంప్యూటరు ద్వారా వేరే నీటికి పంపవచ్చని అన్నాడు. అమెరికా రక్షణ శాఖ నిధులతో వేన్ జోనాస్ బృందం దాన్ని పరీక్షించి 2006లో ఫలితాలు ప్రకటించింది. ఒక నిర్దిష్ట పరిశోధక వ్యక్తి అక్కడ ఉన్నప్పుడు కొంత ప్రభావం కనిపించినట్టు అనిపించినా, మళ్ళీ మళ్ళీ నిలబడే ప్రభావం ఏదీ తేలలేదు. మా రసీదు రాసినవారికి ఈ పరిశోధన తెలిసి ఉండదు. అయినా ఫలితం ఎవరి సమక్షంలో వస్తుందో వారికి తెలిసినట్టే ఉంది.

సంఖ్యలు వేసిన సీసాలతో రీడింగు తీయడానికి ఒప్పుకుని ఆ షరతు మారిస్తే మిగతా చెరువులకు కూడా ఇదే గొట్టం పెట్టిస్తానని సంస్థకు ఉత్తరం రాశాను. పైఆఫీసువారిని అడిగి చెబుతామన్నారు. ప్రస్తుతం కొత్త సీడు వేసి ఉన్నాం. గొట్టం విప్పితే మోటారు ఆపి, ఆ చోట కొత్త పైపుముక్కతో జాయింటు వేయించాలి, పంట నడుమ అది కుదరదు. అంతవరకు అది పైపులోనే ఉంటుంది. నీటి ప్రవాహానికి దానివల్ల అడ్డమేమీ లేదు.